ఎంబీఏకు డబ్బు ఎక్కడి నుంచి? సీటు తీసుకునే ముందే తేల్చుకోవాల్సిన లెక్కలు

ఐసెట్ ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌లో పెట్టాల్సిన కాలేజీల జాబితా ముందుంది. ఇంట్లో మొదటి ప్రశ్న ‘ఫీజు సంగతేంటి?’ దానికి చాలామంది చెప్పే జవాబు ఒకటే. ‘ముందు చేరనీ, స్కాలర్‌షిప్ ఏదో ఒకటి వస్తుందిలే.’

ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఎంబీఏకు ఇచ్చే సాయంలో ఎక్కువ భాగం మీరు కాలేజీలో చేరక ముందే ఖరారైపోతుంది. మీరు తీసుకున్నది కన్వీనర్ కోటా సీటా, మేనేజ్‌మెంట్ సీటా? మీ కాలేజీ ఆ పథకం జాబితాలో ఉందా? మీ ఆదాయ ధ్రువపత్రం గడువులో ఉందా? వీటిలో ఒక్కటి తప్పినా, తర్వాత ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినా ఫలితం ఉండదు. అందుకే వెతకడం సీటు తర్వాత కాదు, సీటుకు ముందే మొదలవ్వాలి.

రాష్ట్రంలో చదవాలనుకునేవారికి, ఐఐఎం లాంటి సంస్థలకు వెళ్లేవారికి, విదేశాలకు వెళ్లాలనుకునేవారికి ఏయే దారులున్నాయో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

‘స్కాలర్‌షిప్’ అంటే ఒకటే కాదు

ఈ ఒక్క మాట కింద నాలుగు రకాల డబ్బు చలామణి అవుతోంది. ఏది ఏదో తెలియకపోతే లెక్క తప్పుతుంది.

మొదటిది, తిరిగి ఇవ్వనక్కర్లేని సాయం. కాలేజీయే ఫీజు తగ్గించడం, కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్, కంపెనీల ఫౌండేషన్లు ఇచ్చే మొత్తం ఇందులోకి వస్తాయి.

రెండోది, ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇదీ తిరిగి ఇవ్వనక్కర్లేదు. కానీ ప్రభుత్వం ఎప్పుడు విడుదల చేస్తే అప్పుడే వస్తుంది.

మూడోది, వడ్డీ రాయితీ. అసలు అప్పు మీదే. చదువుకునే కాలంలో పడే వడ్డీని మొత్తంగానో కొంతగానో ప్రభుత్వం భరిస్తుంది.

నాలుగోది, లోన్ స్కాలర్‌షిప్. పేరులో స్కాలర్‌షిప్ ఉన్నా ఇది అప్పే. కాకపోతే వడ్డీ ఉండదు, లేదా చాలా తక్కువ ఉంటుంది.

ఏ ప్రకటన చూసినా ముందు ‘ఇది ఈ నాలుగింటిలో ఏది?’ అని అడగండి. సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

తెలంగాణలో చదివితే

తెలంగాణలో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లకు ఈపాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఇందులో రెండు భాగాలుంటాయి. ట్యూషన్ ఫీజు కింద ఇచ్చేది ఒకటి, హాస్టల్, నెలవారీ ఖర్చుల కోసం ఇచ్చే మెయింటెనెన్స్ మొత్తం మరొకటి. తల్లిదండ్రుల వార్షికాదాయం ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షల రూపాయలు దాటకూడదు. బీసీ, ఈబీసీ, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థులకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు పరిమితి.

ఇక్కడ మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, సీటు ఐసెట్ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా కింద వచ్చి ఉండాలి. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్‌వి. మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదు. ‘మా కాలేజీలో స్పాట్‌లో చేరినా స్కాలర్‌షిప్ వస్తుంది’ అని ఎవరైనా ఫోన్ చేసి చెబితే, ఆ మాట కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసివ్వమనండి. ఇవ్వరు.

రెండు, కాలేజీ ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుందని అనుకోవద్దు. బీసీ, ఈబీసీ విద్యార్థులకు నిర్ణీత మొత్తం వరకే వస్తుంది. కాలేజీ ఫీజు అంతకంటే ఎక్కువైతే తేడా మీరే కట్టాలి. ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ ఫీజు, దాని పక్కన మీ కేటగిరీకి వచ్చే మొత్తం, దాని పక్కన మీరు కట్టాల్సిన తేడా అని మూడు గళ్లు గీసుకోండి. రెండు కాలేజీలు ఒకే స్థాయిలో ఉంటే ఏది ముందు పెట్టాలో మూడో గడి చెబుతుంది.

మూడు, చేరిపోతే సరిపోదు. 75 శాతం హాజరు ఉండాలి. రెండో ఏడాది మళ్లీ రెన్యువల్ చేయించుకోవాలి. మొదటి ఏడాది వచ్చింది కదా అని రెండో ఏడాది దరఖాస్తు మరచిపోయి నష్టపోయేవారు ఉంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో చదివితే

ఏపీలో పీజీ విద్యార్థులు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది జీవో 77. 2020 డిసెంబరులో వచ్చిన ఈ ఉత్తర్వు ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవారిని ఫీజు రీయింబర్స్‌మెంట్ నుంచి తప్పించింది. యూనివర్సిటీ కాలేజీలు, ప్రభుత్వ కాలేజీల్లో చదివేవారికే సాయం పరిమితమైంది. అప్పటి నుంచి విద్యార్థి సంఘాలు దీన్ని రద్దు చేయాలని కోరుతూనే ఉన్నాయి.

అంటే ఏపీ ఐసెట్ రాసిన విద్యార్థికి కాలేజీ ఎంపికే డబ్బు ఎంపిక కూడా. ప్రైవేటు కాలేజీకి ఆప్షన్ పెట్టే ముందు, ఈ ఏడాది ఎంబీఏకు అమల్లో ఉన్న ఉత్తర్వు ఏమిటో మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలోనో, జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలోనో అడిగి తెలుసుకోండి. కాలేజీ ఏజెంటు చెప్పింది నమ్మి ఆప్షన్ పెట్టకండి. మీ ర్యాంకుకు ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర, ఆచార్య నాగార్జున లాంటి యూనివర్సిటీల్లో సీటు వచ్చే అవకాశం ఉంటే వాటిని పైన పెట్టుకోవడం లెక్కప్రకారం లాభం. అక్కడ కూడా రెగ్యులర్ కోర్సుకూ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుకూ ఫీజులో తేడా ఉంటుంది. మీ ఆప్షన్ ఏ కోర్సుదో చూసుకోండి.

దరఖాస్తులు జ్ఞానభూమి పోర్టల్ ద్వారా వెళ్తాయి. కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలన్నది ఈ సాయానికి పెట్టిన నిబంధన.

రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఏం చేయాలి?

రెండు రాష్ట్రాల్లోనూ బకాయిల సమస్య ఏళ్లుగా ఉంది. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు బంద్ పెట్టేదాకా వెళ్లాయి. ప్రభుత్వం విడుదల చేయకపోతే ఆ భారం చివరికి విద్యార్థి మీదే పడుతుంది. పరీక్ష ఫీజు సమయంలో ‘ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తాం’ అంటారు. కోర్సు అయ్యాక సర్టిఫికెట్ల దగ్గర మెలిక పెడతారు.

ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దగ్గరపడుతుంటే ఒరిజినల్స్ కాలేజీలో ఇరుక్కోవడం కంటే పెద్ద చిక్కు ఉండదు. దానికి ముందే కొన్ని పనులు చేసి పెట్టుకోండి. ప్రభుత్వం ఇచ్చే మొత్తంలో కనీసం ఒక ఏడాది భాగం ఆలస్యమవుతుందనుకుని ప్లాన్ చేసుకోండి. కాలేజీకి ఏ డబ్బు కట్టినా రసీదు తీసుకోండి. అది ‘రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి చెల్లించాల్సిన మొత్తం’ అయితే ఆ మాట రసీదు మీద రాయించండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి వెనక్కి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే విద్యాసంస్థలకు స్పష్టం చేసింది. ఇవ్వకపోతే ముందు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడిగి, ఆ కాపీ పెట్టి యూనివర్సిటీకి ఫిర్యాదు చేయండి. నోటి మాటతో అడిగినదానికి రుజువు ఉండదు.

ఐఐఎంలు, ఐఎస్‌బీ లాంటి చోట్ల

పేరున్న ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటుతుంది. ఆ అంకె చూసి క్యాట్ రాయడమే మానుకునే కుటుంబాలు ఉన్నాయి. నిజానికి సాయం దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎస్సీ విద్యార్థులకు ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఇందులో ముఖ్యమైనది. కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. ఎంపికైన సంస్థల జాబితాలో ఐఐఎంలు ఉన్నాయి. పూర్తి ట్యూషన్ ఫీజు వస్తుంది. ప్రైవేటు సంస్థలైతే ఏడాదికి 2 లక్షల వరకు ఇస్తారు. దీనికి తోడు ఇతర ఖర్చుల కింద మొదటి ఏడాది 86 వేలు, తర్వాతి ఏడాది 41 వేల రూపాయలు ఇస్తారు. ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ ఇలాంటి పథకమే నడుపుతోంది. అందులో ఆదాయ పరిమితి 6 లక్షలు. ఓబీసీ, ఈబీసీలకు పీఎం యశస్వి కింద టాప్ క్లాస్ కాలేజీ పథకం ఉంది. దాని పరిమితి 2.5 లక్షలు.

ఈ మూడింటికీ సంస్థ జాబితాలో ఉండాలి. ఒక్కో సంస్థకు ఇన్ని అని స్లాట్లు ఉంటాయి. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి.

కులంతో సంబంధం లేకుండా, కుటుంబ ఆర్థిక పరిస్థితిని చూసి ఐఐఎంలే సొంతంగా ఫీజులో సాయం చేస్తాయి. దీన్ని నీడ్ బేస్డ్ సాయం అంటారు. ఆదాయంతోపాటు ఆస్తులు, ఉన్న అప్పులు, చదువుకుంటున్న తోబుట్టువుల సంఖ్య కూడా చూస్తారు. ఇది చాలావరకు చేరిన తర్వాతే దరఖాస్తు చేసే సాయం. అయినా అర్హత నిబంధనలు ముందే చదివి, తల్లిదండ్రుల ఐటీ రిటర్న్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకుని వెళ్లండి.

హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ప్రతిభ ఆధారంగానూ, ఆర్థిక పరిస్థితి ఆధారంగానూ ఫీజు తగ్గిస్తుంది. ఆదిత్య బిర్లా గ్రూప్ 1999లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్‌కు ఎంపిక చేసిన కొన్ని సంస్థల విద్యార్థులే అర్హులు. మామూలు కాలేజీల్లో ఎంబీఏ చేసేవారు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఓఎన్‌జీసీ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ ఎంబీఏ మొదటి ఏడాది విద్యార్థులకూ వర్తిస్తుంది, ఏడాదికి 48 వేలు ఇస్తుంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పరివర్తన్ కింద ఇచ్చే స్కాలర్‌షిప్‌లో వృత్తివిద్యా పీజీ కోర్సులు కూడా ఉన్నాయి. మొత్తాలు చిన్నవే. కానీ లక్షలోపు ఫీజు ఉన్న కాలేజీలో చదివే విద్యార్థికి 48 వేలు అంటే సగం బరువు తగ్గినట్టే.

అప్పు తప్పనప్పుడు: వడ్డీ ఎక్కడ పెరుగుతుంది?

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. నాణ్యత ర్యాంకింగ్ ఆధారంగా గుర్తించిన విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే, పూచీకత్తు, హామీదారు లేకుండా బ్యాంకు రుణం ఇస్తుంది. మొదటి జాబితాలో 860 సంస్థలున్నాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. 4.5 లక్షల లోపు ఆదాయం ఉండి వృత్తివిద్యా, సాంకేతిక కోర్సు చదువుతుంటే 10 లక్షల వరకు రుణంపై ఆ కాలపు వడ్డీ మొత్తాన్ని కేంద్రమే భరించే పథకమూ ఉంది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి విద్యాలక్ష్మి వర్తించదు. ఇప్పటికే ప్రభుత్వ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవారికి ఈ 3 శాతం రాయితీ రాదు. కాబట్టి రెండూ వస్తాయని లెక్క వేసుకోకండి.

జాబితాలో లేని కాలేజీ అయితే బ్యాంకుల మామూలు విద్యారుణమే దారి. 4 లక్షల వరకు మీ వాటా, పూచీకత్తు అడగరు. 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. ఐఐఎం స్థాయి సంస్థలకు ఎస్‌బీఐ స్కాలర్ లోన్ లాంటివి తాకట్టు లేకుండానే పెద్ద మొత్తం ఇస్తాయి.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. 10 లక్షల రుణం, 10 శాతం వడ్డీ అనుకుందాం. బ్యాంకు ఆరు నెలలకోసారి 2.5 లక్షల చొప్పున నాలుగు విడతల్లో కాలేజీకి కట్టింది. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది మారటోరియం. ఈ మూడేళ్లలో సాధారణ వడ్డీయే 2.25 లక్షలు అవుతుంది. దాన్ని కట్టకుండా వదిలేస్తే అసలుకు కలిసి అప్పు 12.25 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 16,200 రూపాయల ఈఎంఐ. అదే వడ్డీని చదువుకునేటప్పుడే ఎప్పటికప్పుడు కడితే ఈఎంఐ సుమారు 13,200 దగ్గర ఆగుతుంది. నెలకు 3 వేల తేడా. పదేళ్లలో అది మూడున్నర లక్షలు దాటుతుంది. 3 శాతం రాయితీ వస్తే ఇదే ఉదాహరణలో 67,500 రూపాయలు మిగులుతాయి.

అందుకే బ్యాంకులో ‘ఎంత ఇస్తారు?’ అన్నదొక్కటే అడక్కండి. ‘మారటోరియంలో వడ్డీ ఎలా లెక్కిస్తారు, ఎప్పుడు అసలుకు కలుపుతారు, ముందే కడితే వడ్డీ రేటు తగ్గిస్తారా?’ అని కూడా అడగండి. ఫీజు మొత్తాన్ని ఒకేసారి విడుదల చేయించుకోకండి. విడతలవారీగా అయితే వడ్డీ తగ్గుతుంది.

ఉద్యోగంలో చేరాక ఇంకో ఊరట. ఆదాయపు పన్ను చట్టం కింద విద్యారుణంపై కట్టే వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్లపాటు మినహాయింపు ఉంది. అయితే అది పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానం ఎంచుకుంటే రాదు.

విదేశాల్లో ఎంబీఏకు ప్రభుత్వ సాయం

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీ, ఈబీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. పేర్లు వేరైనా చట్రం దాదాపు ఒకటే. గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు, ఒకవైపు విమాన టికెట్, వీసా ఫీజు ఇస్తారు. మేనేజ్‌మెంట్ పీజీ అర్హత ఉన్న కోర్సుల్లో ఉంది. అంబేద్కర్ విద్యానిధికి కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. జీఆర్ఈ లేదా జీమ్యాట్‌తోపాటు ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్ స్కోర్ కావాలి. కుటుంబంలో ఒకరికే ఇస్తారు.

ఇక్కడ చాలామంది పొరబడేది డబ్బు వచ్చే సమయం దగ్గర. మొదటి 10 లక్షలు మీరు అక్కడ దిగి, ఆ దేశంలో ప్రవేశించినట్టు పత్రం పంపాకే వస్తాయి. మిగతాది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత వస్తుంది. వీసా కోసం చూపాల్సిన నిధులు, మొదటి సెమిస్టర్ ఫీజు, మొదటి నెలల ఇంటి అద్దె మాత్రం అంతకంటే ముందే కావాలి. అంటే ఈ పథకానికి ఎంపికైనా సరే, ప్రయాణానికి ముందు బ్యాంకు రుణం మంజూరు చేయించుకోక తప్పదు. స్కాలర్‌షిప్ వచ్చాక దాన్ని ఆ అప్పుకు జమ చేసుకోవచ్చు.

ఏపీలో విదేశీ విద్య పథకం పేరు, నిబంధనలు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చాయి. ఎన్టీఆర్ విదేశీ విద్యాదరణ ఒకప్పుడు ఉండేది. 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెన వచ్చి, క్యూఎస్ ర్యాంకింగ్స్‌లో పైనున్న యూనివర్సిటీలకే పరిమితమైంది. పాత యూట్యూబ్ వీడియో చూసి అడ్మిషన్ తీసుకోకండి. మీరు దరఖాస్తు చేసే ఏడాది జీవోను మాత్రమే నమ్మండి.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలవారికి. ఏడాదికి 125 మందికి ఇస్తారు. ఆదాయ పరిమితి 8 లక్షలు, వయసు 35 లోపు ఉండాలి. యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకింగ్‌లో మొదటి 500లో ఉండాలి. ఫీజుతోపాటు జీవన భత్యం కూడా వస్తుంది. అమెరికాలో అయితే ఏడాదికి 15,400 డాలర్లు.

ప్రైవేటు ట్రస్టులు, యూనివర్సిటీలు

ఇంటర్నెట్‌లో ‘విదేశీ చదువుకు టాప్ 10 స్కాలర్‌షిప్‌లు’ అని కనిపించే జాబితాలు ఎంబీఏ వారికి అంతగా పనికిరావు. ఇన్‌లాక్స్ స్కాలర్‌షిప్ బిజినెస్ కోర్సులకు ఇవ్వరు. జేఎన్ టాటా ఎండోమెంట్ 1892 నుంచి ఉన్న గొప్ప సంస్థే, కానీ ఇచ్చేది లోన్ స్కాలర్‌షిప్. కేసీ మహీంద్రా ట్రస్టు, నరోత్తమ్ సెఖ్సారియా ఫౌండేషన్ ఇచ్చేవి వడ్డీలేని రుణాలు. వీటిని ‘ఉచితం’ గడిలో రాసుకోకండి. అయినా పది లక్షల బ్యాంకు అప్పులో కొంత వడ్డీలేని అప్పుగా మారినా పెద్ద మేలే. మైనారిటీ విద్యార్థుల విదేశీ రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పర్‌దేశ్ ఎప్పుడో ఆగిపోయింది. కానీ జాబితాల్లో ఇంకా కనిపిస్తుంది.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. స్టాన్‌ఫోర్డ్‌లో ఎంబీఏ చేసే భారతీయులకు రిలయన్స్ ధీరూభాయ్ ఫెలోషిప్ ఉంది. ఏటా ఐదుగురి వరకు ఎంపిక చేస్తారు. వారూ చదువు తర్వాత భారత్‌కు తిరిగొచ్చి పనిచేయాలి. అక్కడే ఉద్యోగం చేసి అప్పు తీర్చాలన్నది మీ ఆలోచన అయితే, ఈ షరతులు దానికి అడ్డం వస్తాయి. దరఖాస్తుకు ముందే ఆలోచించుకోవాలి.

విదేశీ బిజినెస్ స్కూళ్లలో పెద్ద సాయం వచ్చేది చాలావరకు ఆ స్కూల్ నుంచే. జీమ్యాట్ స్కోర్, ఉద్యోగ అనుభవం బాగుంటే అడ్మిషన్ లెటర్‌తోపాటే ఫీజు తగ్గింపు చెబుతారు. మొదటి రౌండ్లలో దరఖాస్తు చేసినవారికి అవకాశం ఎక్కువ, చివరి రౌండ్ నాటికి నిధులు కరిగిపోతాయి. రెండు స్కూళ్ల నుంచి ఆఫర్ ఉంటే, ఒకరి సాయం గురించి మరొకరికి మర్యాదగా రాసి పునఃపరిశీలించమని అడగడంలో తప్పేమీ లేదు. ఇంకో మాట. ఎంఎస్ చేసే స్నేహితుడికి అసిస్టెంట్‌షిప్ వచ్చింది కదా అని ఎంబీఏకూ వస్తుందనుకోవద్దు. ఫుల్‌టైమ్ ఎంబీఏలో అవి అరుదు. అమెరికాలో సెమిస్టర్ జరుగుతుండగా క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలే. దానితో ఖర్చులు కొంత గడుస్తాయేమో గానీ ఫీజు తీరదు.

బ్యాంకు విద్యారుణం ద్వారా విదేశాలకు పంపే ఫీజుపై 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేదు. సొంత డబ్బు పంపేవారికి ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తంపై టీసీఎస్ పడుతుంది. అది పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

ఉద్యోగం చేస్తూ చదివితే

కొన్ని కంపెనీలు ఉద్యోగి ఎంబీఏ ఫీజులో కొంత భరిస్తాయి. బదులుగా ఇన్నేళ్లు కంపెనీలోనే ఉంటానని బాండ్ రాయించుకుంటాయి. సంతకానికి ముందు రెండు విషయాలు చూడండి. మధ్యలో మానేస్తే మొత్తం తిరిగి కట్టాలా, మిగిలిన కాలానికే కట్టాలా? కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే బాండ్ ఏమవుతుంది? దూరవిద్య ఎంబీఏకు రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదన్నది కూడా గుర్తుంచుకోండి.

కాగితాలు: ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే

అర్హత లేక తిరస్కరణకు గురయ్యేవారికంటే, పేరులో ఒక అక్షరం తేడా వల్ల ఆగిపోయేవారి బాధ ఎక్కువ. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింటిలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. తేడా ఉంటే ఆధార్ కేంద్రంలో సరిచేయించండి. అడ్మిషన్ల హడావిడిలో అది కుదరదు.

ఖాతాకు ఆధార్ ‘లింక్’ అయి ఉండటం వేరు, ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాలో పడేలా ‘సీడింగ్’ అయి ఉండటం వేరు. మీకు రెండు ఖాతాలుంటే చివరగా సీడింగ్ చేయించిన దాంట్లోనే డబ్బు పడుతుంది. మీ బ్యాంకు శాఖలో ‘ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఉందా?’ అని అడగండి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందుగా ఆధార్‌తో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఆ నంబరు జాగ్రత్త చేసుకోండి.

ఆదాయ ధ్రువపత్రం తెలంగాణలో మీసేవలో, ఏపీలో సచివాలయంలో తీసుకోవాలి. పాతది ఉందిలే అనుకోకుండా తేదీ చూడండి. కుల ధ్రువపత్రం, బోనఫైడ్, టీసీ, కౌన్సెలింగ్ అలాట్‌మెంట్ ఆర్డర్, రేషన్ కార్డు, డిగ్రీ మెమోలు స్కాన్ చేసి ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టడంతో పని అయిపోదు. కాలేజీ వెరిఫై చేసి పైకి పంపితేనే దరఖాస్తు కదులుతుంది. వారానికోసారి స్టేటస్ చూసి, కాలేజీ లాగిన్‌లోనే ఆగి ఉంటే ఆఫీసుకు వెళ్లి అడగండి.

‘మీకు స్కాలర్‌షిప్ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని ఫోన్ వస్తే అది మోసమే. ప్రభుత్వ స్కాలర్‌షిప్ విడుదలకు ముందు ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు, ఓటీపీ చెప్పనక్కర్లేదు.

చివరిగా, ఒక కాగితం మీద ఐదు అంకెలు

ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు, లేదా అడ్మిషన్ ఫీజు కట్టే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఐదు అంకెలు రాయండి. రెండేళ్లకు అయ్యే మొత్తం ఖర్చు, హాస్టల్‌తో సహా. తిరిగి ఇవ్వనక్కర్లేని సాయంలో ఖాయంగా వచ్చేది. వస్తుంది గానీ ఆలస్యమయ్యేది. ఇంట్లో నుంచి పెట్టగలిగేది. మిగిలినది అప్పు.

ఆ అప్పుకు ఈఎంఐ ఎంతో చూసి, ఆ కాలేజీ నుంచి గత రెండేళ్లలో బయటికి వచ్చినవారికి మొదటి జీతం ఎంత వస్తోందో వారినే అడగండి. ప్లేస్‌మెంట్ బ్రోచర్‌లో ఉండే అత్యధిక ప్యాకేజీ కాదు, మామూలు విద్యార్థికి వచ్చేది. చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటి ఈఎంఐకే పోతుంటే, ఆ సీటు గురించి మరోసారి ఆలోచించండి. ఇంకో ఆప్షన్ పైకి జరపడానికి కౌన్సెలింగ్ గడువు ముగిసేదాకా సమయం ఉంటుంది. చేరాక ఉండదు.